గోదావరిలో తిండి ఎక్కడ పుడుతుంది?

శ్రావణమాసంలో యానాం దగ్గర గోదావరి పాయ అయిన గౌతమిలో చేయి ముంచితే మణికట్టు మునిగేసరికే వేళ్లు కనిపించవు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రుతో నీరు అంత ఎర్రగా, చిక్కగా ఉంటుంది. వెలుతురు అందని నీటిలో నాచు పెరగదు. నాచు లేకపోతే దాన్ని మేసే జంతుప్లవకాలకు, అంటే నీటిలో తేలుతూ బతికే సూక్ష్మ జంతువులకు, తిండి ఉండదు. అవి లేకపోతే చేపపిల్లకు తిండి ఉండదు. బడిలో నేర్చుకున్న ఆహార గొలుసును పట్టుకుని లెక్క కడితే వరద నెలలు డెల్టాలోని జలచరాలకు కరవు నెలలు కావాలి. జరిగేది మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. బొచ్చె, శీలావతి, మోసు వంటి చేపలు గుడ్లు పెట్టేది ఆ నెలల్లోనే; వాలుగలు, జెల్లలు మునిగిన గడ్డి మధ్యకు ఎగబడేది అప్పుడే; పులస సముద్రాన్ని విడిచి గోదావరికి ఎదురీదేదీ ఎర్రనీరు వచ్చిన తరువాతే. నది అన్నిటికంటే బురదగా ఉన్న కాలంలోనే తన సంతానాన్ని అన్నిటికంటే బాగా పోషిస్తోందంటే, ఆ తిండి పుడుతున్న చోటు మనం వంతెన మీది నుంచి చూస్తున్న నడిమి ప్రవాహం కాదని అర్థం చేసుకోవాలి.

ఆ చోట్లు ఎక్కడున్నాయో, అవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలుసుకోకుండా పెద్ద నదుల ఆహార జాలాన్ని గురించి మాట్లాడడం కష్టం. ఎవరు ఎవరిని తింటారన్న సంబంధాలన్నిటినీ గీతలుగా గీస్తే వచ్చే వల ఆహార జాలం. ఆ వలలో ఎన్ని గీతలున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఆ గీతలు మొదలయ్యే మూలాలు ఎన్ని, అవి ఎంత దూరంగా, ఎంత భిన్నంగా ఉన్నాయన్నది అంతకంటే ముఖ్యం. నదిలో ఎంత నీరు పారుతోందన్న దాని కంటే, ఆ నీరు ఎన్ని రకాల చోట్ల, ఎన్ని రకాల వేగాలతో పారి, నిలిచి, మళ్లీ కలుస్తోందన్నదే ఆ వల బలాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని నేను నమ్ముతున్నాను. గోదావరి డెల్టా ఇందుకు మన కళ్ల ముందున్న ఉదాహరణ.

నదులు తమ జీవులను ఎలా పోషిస్తాయన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు వేర్వేరు కాలాల్లో వేర్వేరు జవాబులు చెప్పారు. 1980లో ఉత్తర అమెరికా వాగుల ఆధారంగా వచ్చిన సిద్ధాంతం నదిని కొండ నుంచి కడలి వరకు ఒకే వరుసగా భావించింది: పైన అడవి నీడలో వాగులోకి ఆకులు రాలతాయి, అక్కడి పురుగులు వాటిని తుంచి, నమిలి వదిలిన పొడి కిందికి కొట్టుకొస్తుంది, దిగువ నది ఆ మిగులుతో బతుకుతుంది. 1989లో వచ్చిన సిద్ధాంతం దృష్టిని పక్కకు తిప్పింది. అమెజాన్ వంటి నదుల్లో ఏటేటా వరద గట్టు దాటి మైదానాన్ని ముంచుతుంది, నదీ జీవుల తిండిలో ప్రధాన భాగం ఆ మునిగిన నేల నుంచే వస్తుంది, కాబట్టి నది ఊపిరి పొడవునా కాదు, అడ్డంగా ఆడుతుందని అది చెప్పింది. 1994లో మరో వాదం వచ్చింది: ఎగువ నుంచి వచ్చే ఆకు పొడి ఎంత ఉన్నా అది అరగని సరుకు, ప్రవాహం ఒడ్డున, నిదానపు నీటిలో, స్థానికంగా పెరిగే నాచే నిజమైన తిండి అన్నది దాని సారాంశం. ఈ మూడింటిలో ఏది సరైనదన్న చర్చ చాలాకాలం నడిచింది. గోదావరి విషయంలో ఆ ప్రశ్నే సరిపోదని నాకనిపిస్తుంది. పాపికొండల నీడలో మొదటిది, లంకలు మునిగిన ఆగస్టులో రెండవది, ఇసుక తిన్నెల మీద నీరు తేటపడిన మాఘమాసంలో మూడవది నిజమవుతాయి. ఒకే నది ఒక్కోచోట ఒక్కో నియమంతో, ఒక్కో నెలలో ఒక్కో నియమంతో నడుస్తుంది, దాని బలం కూడా అందులోనే ఉంది.

ఆ చోట్లను కాస్త దగ్గరగా చూడాలి. నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణించే గోదావరి, పాపికొండల మధ్య ఇరుకైన లోతుల్లోంచి బయటపడి పోలవరం దాటగానే ఒక్కసారిగా వెడల్పవుతుంది. రాజమహేంద్రవరం దగ్గర ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రెండు కిలోమీటర్ల పైమాటే. వెడల్పైన నది వేగం కోల్పోతుంది, వేగం కోల్పోయిన నది మోసుకొస్తున్న ఇసుకను దించుకుంటుంది, ఆ ఇసుక మేటలు లంకలవుతాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి, వశిష్ఠ నుంచి వైనతేయ విడివడి, నది మూడు దారుల్లో కోనసీమను చుట్టుకుని యానాం దిగువన, ఓడలరేవు దగ్గర, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ దారుల పొడవునా లంకలే.

ఒక్క లంకను తీసుకుని దాని చుట్టూ తిరిగితే చాలు, ఆవాసాల వైవిధ్యమంటే ఏమిటో తెలుస్తుంది. లంక తల దగ్గర ప్రవాహం నేరుగా తగిలి చీలుతుంది కాబట్టి అక్కడ ముతక ఇసుక, గులకరాళ్లు మాత్రమే నిలుస్తాయి. నీటిలో ప్రాణవాయువు ఎక్కువ. గట్టిగా అంటుకుని ఉండగల పురుగులకే అక్కడ చోటు. ఒకవైపు ఒడ్డు కోతకు గురవుతూ ఉంటుంది, దాని కింద లోతైన మడుగు ఏర్పడుతుంది, పెద్ద వాలుగలు వేసవి గడిపేది అటువంటి మడుగుల్లోనే. రెండోవైపు పలచని నీటి కింద ఇసుక తిన్నె విస్తరిస్తుంది; అక్కడ ఎండ అడుగు దాకా తగులుతుంది, అందువల్ల ఇసుక రేణువుల మీద డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు జీవులు గోధుమరంగు పొరగా పెరుగుతాయి. చేతికి జిగురుగా తగిలే ఆ పొర చూడడానికి ఏమీ లేనట్టుంటుంది కాని, నదిలోని అత్యంత పోషకమైన మేత అదే. లంక తోక దగ్గర రెండు ప్రవాహాలూ కలిసే ముందు నీరు సుడి తిరిగి నెమ్మదిస్తుంది. అక్కడ మెత్తని బురద, కుళ్లిన ఆకులు, చెత్త పేరుకుంటాయి. ఆ బురదలో వానపాముల వంటి పురుగులు, దోమజాతి కీటకాల పిల్లలు, నత్తలు, ఆల్చిప్పలు బతుకుతాయి, వాటి కోసం జెల్లలు చేరతాయి. కిలోమీటరు పొడవు కూడా లేని ఒక చిన్న లంక నాలుగు రకాల వంటిళ్లను నడుపుతుంది, ఒకదానిలో వండేది ఇంకొకదానిలో దొరకదు.

వీటికి తోడు వరద వెళ్లిపోయాక లంకల మధ్య మిగిలిపోయే పాయలున్నాయి. పై ముఖం ఇసుకతో మూసుకుపోయి, కింది ముఖం మాత్రం నదికి తెరిచి ఉన్నవి కొన్ని. రెండు ముఖాలూ మూసుకుపోయి వేసవికి గుంటలుగా కుంచించుకుపోయేవి కొన్ని. అటువంటి గుంటల్లో ఎండాకాలం నీరు వేడెక్కి, ప్రాణవాయువు తగ్గి, సాధారణ చేప బతకలేని స్థితి వస్తుంది. కాని కొర్రమీను, మార్పు అనే చేపలు గాలిని నేరుగా పీల్చుకోగలవు కాబట్టి అక్కడ అవే రాజులు. ప్రవాహంలో ఇతర చేపలతో పోటీ పడలేని జాతికి అటువంటి కష్టమైన చోటే రక్షణ కావడం, నదీ జీవావరణంలో నాకు ఎప్పుడూ అద్భుతంగా తోచే విషయం. మనకు పనికిరానివిగా కనిపించే గుంటలను పూడ్చి చదును చేసినప్పుడు పోయేది నీళ్లు కాదు, ఒక జాతి తనకు మాత్రమే సాధ్యమైన బతుకును బతికే చోటు.

ఇంకా దిగువకు పోతే నేల తీరు మారుతుంది. మంచినీటికి ఉప్పునీరు కలుస్తుంది, పోటుపాట్లు మొదలవుతాయి, ఒడ్డున గడ్డికి బదులు మడచెట్లు వస్తాయి. గౌతమి ముఖద్వారానికి ఉత్తరాన 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడఅడవి ఉంది. దాని ముందు కాకినాడ అఖాతం, ఆ అఖాతాన్ని సముద్రపు అలల నుంచి కాపాడుతూ నది తెచ్చిన ఇసుకతోనే పెరిగిన హోప్ ఐలాండ్ ఉన్నాయి. మడచెట్ల వేళ్ల మధ్య పీతలు, రొయ్య పిల్లలు. పాటు వేళ తేలే బురద మేటల మీద మడ్‌స్కిప్పర్లు అనే బురదలో గెంతే చిన్న చేపలు, కొంగలు. అఖాతం అడుగున ఆల్చిప్పలు. వీటన్నిటి మీద ఆధారపడి నీటికుక్కలు, బావురుపిల్లులు ఉంటాయి.

ఇంత పచ్చదనం చూసిన వారెవరికైనా కలిగే మొదటి ఆలోచన, అక్కడి జీవులన్నీ మడచెట్ల ఆకులు తిని బతుకుతున్నాయని. చాలా కాలం శాస్త్రజ్ఞులు కూడా అలాగే అనుకున్నారు: ఆకు రాలుతుంది, కుళ్లుతుంది, ఆ కుళ్లును రొయ్య తింటుంది, రొయ్యను చేప తింటుంది. ఈ నమ్మకాన్ని కోరింగలోనే పరీక్షించారు. 2000 సంవత్సరం ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, బెల్జియానికి చెందిన పరిశోధకులు కలిసి ఇక్కడి నీటిలో తేలే పదార్థాన్ని, ప్లవకాలను, అడుగున బతికే జీవులను స్థిర ఐసోటోపుల పద్ధతిలో విశ్లేషించారు. ఆ పద్ధతిని కొంచెం వివరించాలి. ప్రకృతిలో కార్బన్ ఎక్కువగా 12 ద్రవ్యరాశితోను, కొద్దిగా 13 ద్రవ్యరాశితోను ఉంటుంది. ఒక్కో రకం మొక్క ఈ రెండింటినీ ఒక్కో నిష్పత్తిలో తనలో చేర్చుకుంటుంది. మడ ఆకులో శాస్త్రజ్ఞులు వాడే కొలమానం ప్రకారం ఆ విలువ −28 దగ్గర ఉంటే, సముద్రపు ప్లవకాల్లో −20 దగ్గర ఉంటుంది. తిన్నవాడి కండలో ఆ గుర్తు దాదాపు మారకుండా నిలుస్తుంది. నైట్రోజన్‌లోని బరువైన రూపం మాత్రం ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఆ కొలమానంలో సుమారు 3 నుంచి 4 చొప్పున పెరుగుతుంది. అంటే ఒక చేప కండ చిన్న ముక్కను యంత్రంలో పెడితే, దాని తిండి మొదట ఏ మొక్కలో పుట్టిందో కార్బన్, అది ఆహార జాలంలో ఎన్నో మెట్టు మీద ఉందో నైట్రోజన్ చెబుతాయి. కడుపు కోసి చూస్తే నిన్నటి భోజనం మాత్రమే తెలుస్తుంది. కండ కొన్ని వారాల, నెలల తిండిని గుర్తుపెట్టుకుంటుంది.

కోరింగలో తేలిన విషయం ఆశ్చర్యం కలిగించేది. నీటిలో తేలే పదార్థంలో నేల నుంచి, మడ నుంచి వచ్చినదే అధికంగా ఉన్నా, జంతుప్లవకాలు అందులోంచి వృక్షప్లవకాలనే, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన నాచునే, ఏరుకుని తింటున్నాయి. మడ నేల మీద బతికే అకశేరుక జీవుల్లోనూ ఆకునే ప్రధానంగా నమ్ముకున్న జాతులు కొన్నే. చాలావాటి కండలో కనిపించినది బురద మీది నాచు పొర, పోటుతో వచ్చిన ప్లవకాలు. కంటికి నిండుగా కనిపించే పచ్చదనం ఒకటి, కడుపు నింపుతున్నది మరొకటి. అమెజాన్ వరద మైదానంలోనూ ఇదే చూశారు: అక్కడ మొక్కల రాశిలో గడ్డిదే పెద్ద వాటా అయినా, చేపల కండలోని కార్బన్ అధికంగా నాచు నుంచి వచ్చినదని తేలింది. కారణం కష్టమైనది కాదు. ఆకులో, గడ్డిలో పీచు, టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. వాటిని ముందు శిలీంధ్రాలు, బ్యాక్టీరియా అరిగించాలి, ఆ ఒక్కో మెట్టు దగ్గరా శక్తిలో అధిక భాగం ఖర్చైపోతుంది. నాచు అటువంటి మధ్యవర్తులు లేకుండా నేరుగా తినదగిన తిండి.

దీన్ని బట్టి మడచెట్లు అవసరం లేదని ఎవరైనా అనుకుంటే అది పెద్ద పొరపాటు. బురద మీద నాచు పొర ఏర్పడాలంటే ముందు బురద నిలవాలి. ఆ బురదను నిలిపేవి మడ వేళ్లు. రొయ్య పిల్ల నాచును మేయాలంటే పెద్ద చేప నోటబడకుండా ఉండాలి. దాన్ని దాచేవీ ఆ వేళ్లే. చెట్టు ఇక్కడ తిండి కంటే ఎక్కువగా చోటునిస్తోంది. ఆహార జాలం గురించి ఆలోచించేటప్పుడు ఎవరు ఎవరిని తింటారన్న దాని మీదే మన దృష్టి నిలుస్తుంది, ఎవరు ఎవరికి చోటిస్తున్నారన్నది చాలాసార్లు మరుగున పడుతుంది.

పైగా ఆకుకు మరో పని ఉంది. నాచు వేగంగా పెరిగి వేగంగా పోతుంది. డయాటమ్ ఒకటి రెండు రోజుల్లో రెండుగా చీలుతుంది, నీరు బురదైతే అంతే వేగంతో తగ్గిపోతుంది. ఆకు అలా కాదు. మడ ఆకు కుళ్లడానికి వారాలు పడుతుంది, టానిన్లు ఎక్కువగా ఉండే ఉప్పుపొన్న జాతి ఆకుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, లంక తోకలో బురద కింద పూడిన గడ్డి అంతకంటే నిదానంగా అరుగుతుంది. గాదెలో ధాన్యంలాగా అది ఒక్కసారిగా ఖర్చు కాకుండా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా సూక్ష్మజీవుల ద్వారా బయటికి వస్తూ ఉంటుంది. అంటే నదిలో రెండు రకాల దారులు పక్కపక్కనే నడుస్తున్నాయి: నాచుతో మొదలై ప్లవకాల మీదుగా చేప దాకా పరుగెత్తే దారి ఒకటి, కుళ్లుతో మొదలై సూక్ష్మజీవులు, పురుగులు, పీతల మీదుగా నిదానంగా ఎక్కే దారి ఇంకొకటి. వేగమైనది సమృద్ధినిస్తుంది కాని నమ్మకం లేనిది. నిదానమైనది కొంచెమే ఇస్తుంది కాని ఆగదు.

ఈ రెండు దారులూ పై మెట్టులో ఒకే నోటి దగ్గర కలవడం ఆహార జాలానికి స్థిరత్వాన్నిస్తుందని గత రెండు మూడు దశాబ్దాల పరిశోధన చెబుతోంది. పండుగప్ప ఇందుకు మంచి ఉదాహరణ. అది ఒకరోజు అఖాతంలో ప్లవకాలు మేసిన చిన్న చేపల గుంపును తరుముతుంది, ఇంకోరోజు మడ కాలువలో కుళ్లు తిని పెరిగిన పీతలను, రొయ్యలను వేటాడుతుంది. చిన్న చేపలు తగ్గిన ఏడు అది మడ కాలువల్లోకి ఎక్కువగా తిరుగుతుంది, అందువల్ల తగ్గిన చేపలకు తేరుకునే వ్యవధి దొరుకుతుంది. వేటాడే జీవి చోటు మార్చడమే వేటకు గురయ్యే జీవికి రక్షణ అవుతోందన్నమాట. కాని చోటు మార్చాలంటే మారడానికి ఇంకో చోటు ఉండాలి, ఆ రెండో చోట తిండి మొదటి చోటు కంటే వేరైన మూలం నుంచి రావాలి. అన్ని చోట్లూ ఒకే రకంగా ఉంటే అన్నీ ఒకేసారి బాగుంటాయి, ఒకేసారి పాడవుతాయి. అప్పుడు పండుగప్పకు వెళ్లే దారీ ఉండదు, చిన్న చేపకు తేరుకునే వ్యవధీ ఉండదు. ఆవాసాల వైవిధ్యం గురించి నేను చెప్పదలచిన దానికి గుండెకాయ వంటి విషయం ఇదే.

కాలం సంగతి ఇంకా మిగిలి ఉంది. గోదావరి ఏడాది ప్రవాహంలో అత్యధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే వస్తుంది. ఆ నెలల్లో గౌతమి నోటి దాకా మంచినీరే. ప్లవకాలు నిలదొక్కుకునేలోపే ప్రవాహం వాటిని సముద్రంలోకి తోసేస్తుంది. ఆ కాలంలో తిండి పుట్టేది పక్కల: మునిగిన లంక గడ్డిలో, గట్ల వెంట నిలిచిన నీటిలో, అందులో పడిన పురుగుల్లో, గడ్డికాడలకు అంటుకున్న నాచులో. నదీ చేపల గుడ్లు, పిల్లలు చేరేది కూడా ఆ నిలకడ నీటిలోకే. మొదట్లో వేసిన చిక్కుప్రశ్నకు జవాబు అక్కడుంది. ఇక వరద తీశాక ఒండ్రు కిందికి దిగుతుంది, వెలుతురు లోపలికి వెళుతుంది, నది తెచ్చిన పోషకాలు అప్పటికే నీటిలో సిద్ధంగా ఉంటాయి. ముఖద్వారంలో ఒక్కసారిగా వృక్షప్లవకాలు విజృంభిస్తాయి. దీపావళి ముందు వెనకల యానాం, భైరవపాలెం వైపు మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, నూలుపోగుల్లాంటి చేపపిల్లలు, అంటే కొలిచి అమ్మే ఆ చీరమేను, గుంపులుగా కనిపించేది ఈ మలుపులోనే. చలికాలం గడిచి వేసవి వచ్చేసరికి ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కిందికి వదిలే నీరు దాదాపు ఆగిపోతుంది, ఉప్పునీరు యానాం దాటి ఎగువకు వెళుతుంది, అదే పాయలో అప్పుడు కొయ్యంగలు, సముద్రపు రొయ్యలు మేస్తాయి. ఒకే చోటు ఏడాదిలో మూడు వేర్వేరు ఆవాసాలుగా మారుతోంది.

ఇటువంటి నదిలో ఒక జీవి తన బతుకంతా ఒకే చోట గడపడం అరుదు. నీలకంఠ రొయ్య పెద్దదయ్యేది మంచినీటిలో. దాని పిల్లలు తొలి దశలో బతకాలంటే మాత్రం ఉప్పు కలిసిన నీరు కావాలి, కాబట్టి తల్లి మొగ వైపు దిగుతుంది, పిల్లలు కొంత ఎదిగాక మళ్లీ ఎదురెక్కుతాయి. పులసది దానికి తిరగబడిన దారి: పెరిగేది సముద్రంలో, గుడ్లు పెట్టేది మంచినీటిలో. సముద్రంలో ప్లవకాలను వడకట్టి తిని కొవ్వు పట్టించుకున్న ఆ చేప, ఎదురీదే రోజుల్లో పెద్దగా మేయదు. పులసలో మనం ఇష్టపడే ఆ కొవ్వు బంగాళాఖాతంలో పండిన పంట. దాన్ని ఎదురుప్రవాహంలో మోసుకొచ్చి గోదావరి జీవులకు, గోదావరి జనానికి అందించేది ఆ చేపే. పండుగప్ప పిల్లలు మడ కాలువల్లోకి, మంచినీటి పాయల్లోకి వచ్చి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఉప్పునీటికి దిగుతాయి. ఈ ప్రయాణికులే దూరంగా ఉన్న ఆవాసాలను ఒకే జాలంగా కుడుతున్నాయి. ఒక్క ఆవాసాన్ని బాగా చూసుకుని, దానికి దారి మూసేస్తే లాభం లేకపోవడానికి కారణమిదే.

దారులు మూసుకుపోవడం కొత్త విషయం కాదు. 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాడు. 1980ల తొలినాళ్లకు దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ వచ్చింది. దాని కింద 10 లక్షల ఎకరాలకు పైగా పండుతోంది, క్షామాల పాలైన సీమ అన్నం పెట్టే సీమ అయింది. ఆ మేలును తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. కాని అదే గోడ పులసకు హద్దయిందని, గేట్లు పూర్తిగా ఎత్తే పెద్ద వరదల్లో తప్ప అది దాటడం కష్టమైందని కూడా అంతే నిజాయితీగా చెప్పుకోవాలి. ఏటిగట్ల కథ కూడా ఇటువంటిదే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి కోనసీమను ముంచిన తరువాత గట్లను పెంచారు, బలపరిచారు. అవి లేకుండా ఇక్కడ మనుషులు బతకలేరు. ఫలితంగా నదికి మిగిలిన వరద మైదానం రెండు గట్ల మధ్య ఉన్న లంకలు మాత్రమే. ఒకప్పుడు తనకున్న విశాలమైన మేతబీడులో నదికి ఇప్పుడు మిగిలిన ముక్క అదొక్కటే కాబట్టి, లంకల మీద జరిగే ప్రతి మార్పూ ఇప్పుడు మునుపటికంటే బరువైనది.

ఆ లంకల మధ్య జరుగుతున్న వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది విచక్షణ లేని ఇసుక తవ్వకం. ఇసుక తీస్తే నది లోతవుతుంది, చేపకు మంచిదే కదా అనే మాట తరచూ వినబడుతుంది. యంత్రాలతో తవ్విన చోట ఏర్పడేది మడుగు కాదు, గొయ్యి. మడుగుకు ఒకవైపు కోత ఒడ్డు, ఒకవైపు మేట, మధ్యలో వాలు ఉంటాయి. గొయ్యికి నిట్టనిలువు అంచులు, అడుగున కదలని నీరు ఉంటాయి. దానికి తోడు నడిమి ప్రవాహపు అడుగు దిగిపోతే, పక్క పాయల ముఖాలు నీటిమట్టానికి పైన నిలిచిపోతాయి, ఒక మోస్తరు వరదకు ఇంతకుముందు నిండిన పాయ ఇప్పుడు నిండదు. నాచు పెరిగే తిన్నె, గుడ్లు దాచే పాయ రెండూ ఒకే తవ్వకంతో పోతాయి. దిగువన ఇంకో రకం నష్టం జరుగుతోంది. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడం వల్ల డెల్టా అంచుకు చేరే మట్టి బాగా తగ్గింది. ఉప్పాడ తీరం కోత అందరికీ తెలిసిందే, మొగల దగ్గరి బురద మేటలకూ అదే మట్టి ఆధారం. పోలవరం జలాశయం నిండితే పాపికొండల మధ్య పారే నది నిలిచే నీరవుతుంది, అక్కడ ఆగే ఒండ్రు కూడా ఆ లెక్కలో చేరుతుంది.

1990ల నుంచి పర్ర అనే తీరపు చవుడు భూముల్లో, మడ అంచుల్లో రొయ్యల చెరువులు తవ్వారు. చెరువు నష్టం అది ఆక్రమించిన నేలతో ఆగలేదు. టైగర్ రొయ్య పిల్లలను హేచరీలు సరిపడా అందించని రోజుల్లో వాటిని మడ కాలువల్లోనే పట్టేవారు. ఒక్క జాతి పిల్లను ఏరుకుని, వలలో దానితోపాటు పడిన లెక్కలేనన్ని ఇతర జాతుల పిల్లలను ఒడ్డున పారబోసేవారు.

మంచినీటి చేపల చెరువులు మాత్రం ఈ చర్చకు ఒక ఉపయోగకరమైన సాక్ష్యాన్నిస్తాయి. బొచ్చె పైపొరలో ప్లవకాలు తింటుంది, శీలావతి నడిమిపొరలో మేస్తుంది, మోసు అడుగున కుళ్లు తింటుంది కాబట్టి మూడింటినీ కలిపి వేస్తే ఒకదానికొకటి పోటీ కాదన్నది చేపల సాగులో తొలిపాఠం. ఒకే చెరువులో మూడు వేర్వేరు చోట్లున్నాయని గుర్తించడమే ఆ పాఠం. అయితే చెరువులో తవుడు, చెక్క, ఎరువు బయటి నుంచి పోస్తాం. ఏ పొరలో కొరత వచ్చినా రైతు సర్దుతాడు. నదికి అలా సర్దేవారు లేరు. రాష్ట్రం చేపల ఉత్పత్తిలో దేశంలోనే ముందుందని ఏటా చదువుతుంటాం. ఆ టన్నుల్లో అధిక భాగం చెరువులది. గోదావరి పాయల్లో ఏం జరుగుతోందో ఆ అంకె చెప్పలేదు. నదిలో చేపపిల్లలను వదిలే కార్యక్రమాల మీద కూడా నా అభ్యంతరం ఇదే. మేసే తిన్నె, దాక్కునే గడ్డి, వేసవి గడిపే మడుగు లేనిచోట వదిలిన పిల్లల సంఖ్య ఎంతైనా వాటిని నది నిలుపుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పుతీరంలో అమలయ్యే వేట నిషేధం సముద్రంలో గుడ్లు పెట్టే చేపలకు ఊరటనిస్తుంది. వాటి పిల్లలు చేరవలసిన మడ కాలువ పూడిపోయి ఉంటే ఆ ఊరట సగంలో ఆగిపోతుంది.

చేయదగినది ఏదైనా ఉందా అంటే ఉంది, దానికి డెల్టాలోనే అనుభవం ఉంది. 1990ల చివరి నుంచి అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ కలిసి గోదావరి మడఅడవుల్లో చెట్లు చచ్చిపోయిన చోట్ల పనిచేశాయి. ఆ నేలలు మధ్యలో పల్లంగా కుంగి, పోటు నీరు లోపలికి వచ్చి బయటికి పోలేక ఎండి, ఉప్పు పేరుకుని ఉండేవి. ముందు మొక్కలు నాటలేదు. చేప ముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా పిల్ల కాలువలు తవ్వి పోటుపాట్లను తిరిగి రప్పించి, ఆ తరువాతే మడ మొలకలు నాటారు. నాటిన మొలక చెట్టు కావడానికి ఏళ్లు పడుతుంది. కాలువ అంచు బురద మీద నాచు పొర ఏర్పడడానికి అన్ని ఏళ్లు అక్కరలేదు, దాన్ని మేసేవి వచ్చేదీ పోటు నడిచే ఆ కాలువలోంచే.

లంకల మధ్య మూసుకుపోయిన పాయలకూ ఈ పద్ధతి వర్తిస్తుంది. ఇప్పుడు చాలా చోట్ల డ్రెయిన్‌గా మిగిలిన తుల్యభాగ వంటి పాత పాయలను పూర్వస్థితికి తేవడం ఎంతవరకు సాధ్యమన్నది వేరే చర్చ. గట్ల లోపలున్న పాయల సంగతి అంత కష్టం కాదు. ఎక్కడ ఇసుక తీయవచ్చు, ఎక్కడ తీయకూడదని నిర్ణయించేటప్పుడు పాయ ముఖాలను కూడా లెక్కలోకి తీసుకుంటే చాలావరకు పని అవుతుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. అన్ని పాయలనూ ఒకే నమూనాలో రెండు ముఖాలూ తెరిచి, ఒకే లోతుకు తవ్వితే మళ్లీ ఒకే రకం కాలువలు పది తయారవుతాయి. కొన్నింటికి రెండు ముఖాలూ తెరవాలి, అక్కడ ప్రవాహాన్ని కోరే చేపలు చేరతాయి. కొన్నింటికి కింది ముఖం ఒక్కటే ఉంచాలి, అక్కడ నిదానపు నీటిలో గుడ్లు, పిల్లలు నిలుస్తాయి. వేసవికి గుంటగా మిగిలే కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టే కొర్రమీనుకు, మార్పుకు వదిలేయాలి. ఏ పాయ ఏ నెలలో ఎంత నిండుతుందో, అందులో ఏ చేప ఎప్పుడు పడుతుందో ఆ ఒడ్డున వలలు వేసే పల్లెకారులకు తెలుసు; తవ్వే చోటును నిర్ణయించే ముందు వారిని అడగడంతో ఆ పని మొదలు కావాలి.